గోడ కట్టింది గాలి, కోసింది బుల్‌డోజర్

ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఒక ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. రెండు పక్కలా నిట్టనిలువుగా చెక్కినట్టున్న తెల్లటి గోడలు, మధ్యలో సన్నటి తారు రోడ్డు, ఆ రోడ్డు మీద ఒక బస్సు. గోడ ఎత్తు బస్సుకి నాలుగైదు రెట్లు. చూసినవాళ్లు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు: ఇది గ్రాఫిక్స్ అయినా అయ్యుండాలి, లేదా అక్కడ అరవై అడుగుల మంచు కురిసైనా ఉండాలి. రెండూ తప్పే.

ఆ చోటు నిజమైనదే. జపాన్ ప్రధాన ద్వీపం హోన్షులో, తోయామ జిల్లాలోని తతెయామ పర్వతాల మీద ఉంది. మురోదో అనే పీఠభూమికి కాస్త కిందుగా రోడ్డు ఒక పల్లంలోంచి వెళుతుంది. ఆ పల్లం పేరు ఓతాని. వసంతకాలంలో దాన్ని యుకి నో ఓతాని అంటారు, మంచు మహాలోయ అని. భారీగా కురిసిన ఏడాది ఇక్కడ గోడ 20 మీటర్ల దాకా లేస్తుంది. తక్కువ పడిన ఏడాది 13, 14 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. కానీ ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మురోదో మైదానంలో ఏప్రిల్‌లో కొలిస్తే మంచు లోతు ఆరేడు మీటర్లే. అంటే ఒకే కొండ మీద, ఒకే శీతాకాలంలో, దాదాపు ఒకే ఎత్తులో ఒకచోట ఉన్న మంచు ఇంకోచోట రెండు రెట్లకు పైగా ఉంది. అలా ఎందుకుందో తెలిస్తే ఆ ఫొటోలో సగం అర్థమైనట్టే. మిగతా సగం మంచుకి సంబంధించింది కాదు. అంత మంచులో రోడ్డు తెరవాలని ఎవరు, ఎందుకు అనుకున్నారన్నది.

ముందు మంచు సంగతి. మురోదో దాదాపు 36.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. శ్రీనగర్ 34 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, ఇది కాశ్మీర్ కంటే కొద్దిగా ఉత్తరంగా ఉందంతే. ధ్రువ ప్రాంతమేమీ కాదు. ఎత్తు కూడా 2,450 మీటర్లు, హిమాలయాల లెక్కలో చిన్నదే. ఇంత మంచు రావడానికి కారణం చలి ఒక్కటే అయితే సైబీరియాలోనే ఎక్కువ గోడలుండాలి. అక్కడ చలి ఉంది, తేమ లేదు. ఇక్కడ రెండూ కలుస్తాయి.

చలికాలంలో సైబీరియా మీద గడ్డకట్టే పొడి గాలి పేరుకుని, వాయవ్యం నుంచి జపాన్ వైపు వీస్తుంది. మధ్యలో జపాన్ సముద్రం ఉంది. దాని గుండా త్సుషిమా అనే వెచ్చటి ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. అతి చల్లటి గాలి, వెచ్చటి నీరు. గాలి ఆ నీటి మీదుగా వచ్చేసరికి తేమతో నిండిపోతుంది, మేఘాలు వరుసలు కడతాయి. తీరం దాటగానే ఎదురుగా కొండలు. తోయామ అఖాతం ఒడ్డు నుంచి మురోదోకి గీత గీసి కొలిస్తే నలభై కిలోమీటర్ల లోపే. ఆ కొద్ది దూరంలోనే నేల సున్నా నుంచి మూడు వేల మీటర్లకు లేస్తుంది. తతెయామలో అతి ఎత్తైన ఓనాంజి శిఖరం 3,015 మీటర్లు. ఆ గోడకి కొట్టుకుని పైకి లేవాల్సి వచ్చిన గాలి మోసుకొచ్చిన తేమంతా అక్కడే దించేస్తుంది. ఆ కొండలు దాటి టోక్యో వైపు చేరేసరికి గాలి మళ్లీ పొడిగా అయిపోతుంది. అందుకే జనవరిలో తోయామ మంచు తవ్వుకుంటూ ఉంటే టోక్యోలో ఎండ కాస్తుంది. నైరుతి రుతుపవనం పడమటి కనుమల ముందు వైపు కుమ్మరించి, ఇవతలి రాయలసీమకు ఖాళీ చేతులతో వచ్చే తీరు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. అక్కడ వాన, ఇక్కడ మంచు, అంతే తేడా.

ఇది కురిసే మంచు లెక్క. మురోదో మైదానంలో ఆరేడు మీటర్లుగా కనిపించేది ఇదే. ఓతానిలో అదనంగా ఉన్నది కురిసింది కాదు, వచ్చి చేరింది. శీతాకాలమంతా ఆ పీఠభూమి మీద గాలి గట్టిగా కొడుతుంటుంది. ఆ ఎత్తులో మంచు పొడిగా ఉంటుంది కాబట్టి ఒకసారి నేల మీద పడ్డాక కూడా గాలికి లేచి జరుగుతుంది. ఎండాకాలం ఈదురుగాలికి ఆకులూ దుమ్మూ వాకిలంతా సమంగా పరుచుకోకుండా ప్రహరీ మూలకు చేరినట్టు, ఆ మంచు కూడా గాలి జోరు తగ్గే పల్లం దొరికేదాకా జరిగి అక్కడ ఆగుతుంది. ఓతాని అలాంటి మూల. చుట్టుపక్కల దిబ్బల మీద ఊడ్చుకుపోయిన మంచంతా ఇందులోకి వచ్చి పడుతుంది. పర్యాటక ప్రకటనల్లో '20 మీటర్ల మంచు' అని వేస్తారు. అబద్ధమని కాదు గానీ, ఆ అంకె చూసి కొండంతా ఇరవై మీటర్ల మంచు కింద ఉందనుకుంటే పొరపాటు. 23 కిలోమీటర్ల కొండరోడ్డులో జనం నడిచి చూసే ఈ గోడల భాగం సుమారు 500 మీటర్లే.

గాలి మంచును పోగేస్తుంది, అంతవరకే. ఓతాని నిండిపోయాక పైనుంచి చూస్తే గోడ గానీ లోయ గానీ ఏవీ కనిపించవు. పల్లం పూడుకుపోయి ఒక తెల్లటి వాలు మాత్రం ఉంటుంది. గోడ పుట్టాలంటే ఆ వాలును ఎవరో నిలువునా కోయాలి.

ఆ పని శీతాకాలం చివర్లో మొదలై ఏప్రిల్ మధ్య దాకా సాగుతుంది. అందులో మొదటి చిక్కు యంత్రాలది కాదు, వెతకడానిది. రోడ్డు పదిహేను మీటర్ల లోతున ఉంది. పైన ఏ గుర్తూ లేదు. మలుపు ఎక్కడుందో, అంచు ఎక్కడుందో తెలియకుండా బుల్‌డోజర్ దించితే అది రోడ్డు మీదికి కాకుండా లోయలోకి దిగొచ్చు. పూర్వం మంచు పడకముందే రోడ్డు పక్కన పొడవాటి కర్రలు పాతేవారు. వాటి కొసలు పైకి కనిపిస్తే అదృష్టం, ఓతాని లాంటి చోట అవి కూడా మునిగిపోతాయి. ఇప్పుడు ముందు నడిచే బుల్‌డోజర్‌కి జీపీఎస్ బిగిస్తారు. కింద ఉన్న రోడ్డు మ్యాపు తెర మీద కనిపిస్తుంటే, డ్రైవరు దాని మీదుగా మంచు పైనే నడుపుతూ ఒక దారి గీస్తాడు. వెనక వచ్చే యంత్రాలు ఆ గీతను పట్టుకుని తవ్వుతాయి. మంచు తుఫాను పట్టిందంటే కళ్ల ముందు తెలుపు తప్ప ఏమీ కనపడని చోట ఆ తెర మీది గీతే ఆధారం.

తవ్వడం పైనుంచి కిందికి, పొరలు పొరలుగా. రోటరీ అనే యంత్రం ముందున్న మరలతో మంచును లోపలికి లాక్కుని గొట్టంలోంచి దూరంగా చిమ్ముతుంది. చూడ్డానికి అదే పెద్ద పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ దానికీ ఒక హద్దుంది. గోడ మరీ ఎత్తైతే చిమ్మిన మంచు గోడ దాటదు, తిరిగి రోడ్డు మీదే పడుతుంది. అందుకే గోడలు లేవకముందే, పైభాగంలో ఉండగానే బుల్‌డోజర్లు చాలా భాగాన్ని పక్కకు తోసేయాలి. అడుగున మిగిలినదాన్ని రోటరీ చూసుకుంటుంది. ఎంత బరువో ఒక లెక్క వేసుకోవచ్చు. అప్పుడే పడిన మెత్తటి మంచు ఘనపు మీటరుకి వంద కిలోల దాకా తూగుతుంది. నెలల తరబడి నలిగి అణిగిన మంచు నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. పదిహేను మీటర్ల లోతు, ఏడు మీటర్ల వెడల్పు అనుకుంటే, ఒక్క మీటరు రోడ్డు తెరవడానికి కదిలించాల్సిన మంచు దాదాపు యాభై టన్నులు. పది టన్నుల లారీలు అయిదు నిండుతాయి. అడుగు వేసిన చోటల్లా అయిదు లారీలు. ఇదంతా చేసేది కొద్దిమంది ఆపరేటర్లు. ఫొటోల్లో వాళ్లెప్పుడూ కనిపించరు.

మంచు అంటే మెత్తటిదని అలవాటు పడ్డ మనకు మరో సందేహం రావడం సహజం. అంత ఎత్తు గోడ కూలదా? దాని కింద వందల మంది ఎలా నడుస్తారు? అణిగిన మంచు విడి విడి రేణువుల కుప్ప కాదు. పక్కపక్కనున్న రేణువులు తాకిన చోట నెమ్మదిగా అతుక్కుంటాయి. సున్నా కంటే కింద ఉన్నా ఈ అతుకు జరుగుతూనే ఉంటుంది. గాలికి కొట్టుకుని చిన్నగా అరిగిపోయిన రేణువులైతే మరీ దగ్గరగా పేరుకుని ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. ఓతాని మంచులో చాలావరకు అలాంటిదే. పైగా మీద ఉన్న మంచు బరువు. ఆ గోడను వేలితో నొక్కితే దిగదు. అయినా దాన్ని వదిలేసి కూర్చోరు. ఎండ ముదిరే కొద్దీ గోడ పైఅంచు కరిగి ముందుకు వంగుతుంది, కొద్దికొద్దిగా జారుతుంది కూడా. ఆ అంచుల్ని ఎప్పటికప్పుడు చెక్కుతుంటారు. సందర్శకులకు రోడ్డులో ఒక వైపు, బస్సులకు ఇంకో వైపు. వాతావరణం బాగోలేని రోజు నడక దారి మూసేస్తారు, ఎంత దూరం నుంచి వచ్చినా సరే.

దగ్గరికి వెళ్లి చూస్తే ఆ గోడ పూర్తిగా తెల్లగా ఉండదు. అడ్డంగా చారలుంటాయి. కొన్ని గాజులా నీలంగా మెరుస్తాయి. అవి మధ్యలో ఒకసారి వెచ్చబడి కరిగిన నీరు మళ్లీ గడ్డకట్టిన పొరలు. కొన్ని మట్టిరంగులో, పసుపు కలిసినట్టుంటాయి. ఆ ధూళి జపాన్‌ది కాదు. వసంతకాలంలో గోబీ, తక్లమకాన్ ఎడారుల్లో లేచిన ఇసుక ధూళి సముద్రం దాటి వచ్చి జపాన్ మీద పడుతుంది, దాన్ని అక్కడ కోసా అంటారు. పైపొరల్లో అది ఎక్కువ, ఎందుకంటే ఇసుక తుఫాన్ల కాలం శీతాకాలం చివర మొదలవుతుంది. అడుగున ఉన్నది నవంబరు మంచు, పైన ఉన్నది ఏప్రిల్ మంచు. వాతావరణ పరిశోధకులు మురోదో దగ్గర వసంతంలో మంచులో గొయ్యి తవ్వి, పొర పొరకీ నమూనాలు తీసి, ఖండం మీది నుంచి ఏ కాలుష్యం, ఎంత ధూళి వచ్చిందో చూస్తుంటారు. పర్యాటకులు వేళ్లతో పేర్లు చెక్కే గోడ ఇంకొకరికి ఆ ఏడాది గాలి చిట్టా. పేర్లు చెక్కేవాళ్లు చారల వైపు ఒక నిమిషం చూస్తే టికెట్ డబ్బులకు ఇంకాస్త న్యాయం జరుగుతుంది.

ఇక రెండో సగం. ఈ గోడ పాతది కాదు. మంచు వేల ఏళ్లుగా పడుతూనే ఉంది, పల్లం కూడా అప్పుడూ ఉంది. రోడ్డు లేనంతకాలం గోడ లేదు. తతెయామను ఫూజీ, హకుసాన్‌లతో పాటు జపాన్ మూడు పవిత్ర పర్వతాల్లో ఒకటిగా కొలుస్తారు. మురోదో పక్కనే గంధకపు పొగలు చిమ్మే జిగొకుదాని ఉంది. పేరుకి అర్థం నరకలోయ. ఆ కొండెక్కితే బతికుండగానే నరకం, స్వర్గం రెండూ చూసి రావచ్చని భక్తుల నమ్మకం. యాత్రికులు వేసవిలో, మంచు కరిగాక వచ్చేవారు. వాళ్లకు ఆశ్రయమిచ్చిన మురోదో బస 1726లో కట్టింది, జపాన్‌లో మిగిలిన కొండ బసల్లో అతి పాతది. స్త్రీలకు 1872 దాకా ఆ కొండ మీదికి ప్రవేశం లేదు. వాళ్ల కోసం కింద అషికురాజి గ్రామంలో వేరే తంతు ఉండేది. తెల్లటి గుడ్డ పరిచిన వంతెన మీద కళ్లకు గంతలు కట్టుకుని నడిస్తే పుణ్యం దక్కుతుందనేవారు. ఇవాళ బస్సు దిగే జనంలో ఆడవాళ్లు తక్కువేమీ కాదు. ఆ నిషేధం సంగతి వాళ్లలో ఎందరికి తెలుసో!

రోడ్డు భక్తి కోసం రాలేదు. కరెంటు కోసం, పర్యాటకం కోసం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒసాకా, క్యోటోల వైపున్న కన్సాయ్ ప్రాంతంలో ఫ్యాక్టరీలు పెరిగి కరెంటు కోతలు మొదలయ్యాయి. కన్సాయ్ ఎలక్ట్రిక్ పవర్ సంస్థ తతెయామకు ఆవలి వైపున్న కురోబె లోయలో డ్యామ్ కట్టడానికి 1956లో దిగింది. ఆ లోయకు రోడ్డే లేదు. మొదట్లో సామాన్లు కూలీలు వీపున మోసుకుంటూ తతెయామ వైపు నుంచి కొండ దాటించాల్సి వచ్చింది. అవతల నగానో జిల్లా ఓగిజావా వైపు నుంచి సొరంగం తవ్వుతుంటే మధ్యలో నలిగిపోయిన రాతి పొర తగిలింది. ఐసు లాంటి నీరు ఉప్పొంగింది. ఆ పొర మందం 80 మీటర్లే, దాన్ని దాటడానికి ఏడు నెలలు పట్టింది. 1963లో డ్యామ్ పూర్తయ్యేసరికి 171 మంది చనిపోయారు. 186 మీటర్ల ఎత్తుతో జపాన్‌లో ఇప్పటికీ ఇదే అతి ఎత్తైన డ్యామ్. మరుసటి ఏడాది నుంచే ఆ సొరంగంలో ప్రయాణికుల కోసం ట్రాలీబస్సులు నడిచాయి.

ఇవతల తోయామ వైపు సాయెకి మునెయోషి అనే రైల్వే వ్యాపారి అప్పటికే కొండెక్కించే పనిలో ఉన్నాడు. 1954లో కేబుల్ కారు వచ్చింది. తర్వాత బస్సు దారిని మురోదో దాకా పొడిగించారు. చివరికి కొండ కడుపులోంచి సొరంగం వేసి, ఇవతలి దారినీ అవతలి డ్యామ్ దారినీ కలిపారు. 1971 జూన్ 1న తతెయామ కురోబె ఆల్పైన్ రూట్ పేరుతో మొత్తం మార్గం తెరిచారు. తతెయామ స్టేషన్ నుంచి ఓగిజావా దాకా దాదాపు 37 కిలోమీటర్లు. ఆ కొద్ది దూరానికి కేబుల్ కారు, బస్సు, సొరంగంలో ఇంకో బస్సు, రోప్‌వే, మళ్లీ కేబుల్ కారు, డ్యామ్ మీద నడక, మళ్లీ సొరంగం బస్సు. చూసేవాళ్లకు ఇది సరదా ఏర్పాటులా ఉంటుంది. నిజానికి ప్రతి మార్పు వెనకా మంచుకి భయపడిన ఇంజినీరు ఉన్నాడు. దైకంబో నుంచి కురోబెదైరాకి 1.7 కిలోమీటర్ల రోప్‌వేకి మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. స్తంభం పాతితే హిమపాతం లాక్కుపోతుంది, కొండ అందం కూడా చెడుతుంది. దాని కిందున్న కేబుల్ కారు పూర్తిగా భూగర్భంలోనే నడుస్తుంది. కారణాలు అవే. ఇన్ని చోట్ల మంచును తప్పించుకున్న మార్గం, మొదటి కేబుల్ కారు ఆగే బిజోదైరా నుంచి మురోదో దాకా ఉన్న 23 కిలోమీటర్లలో మాత్రం ఆకాశం కింద నడుస్తుంది. ఆ బహిరంగ రోడ్డే ఇప్పుడు మొత్తం మార్గానికి ప్రధాన ఆకర్షణ అయ్యింది.

ఈ రోడ్డు మీద సొంత కార్లకు అనుమతి లేదు. ఈ ప్రాంతం 1934 నుంచి జాతీయ ఉద్యానవనంలో భాగం. టూరిస్టు అయినా, పెద్దమనిషి అయినా బస్సెక్కాల్సిందే. మంచుగోడల అందానికి ఈ నిబంధన చాలా పెద్ద కారణమని చెప్పాలి, ఎందుకంటే ఇది లేకపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం.

తెలుగువాళ్లలో ఎక్కువమందికి మంచుగోడ అంటే మనాలి దగ్గరి రోహ్తాంగ్ కనుమ. 3,978 మీటర్ల ఎత్తు, అంటే మురోదో కంటే కిలోమీటరున్నర పైన. బోర్డర్ రోడ్స్ సంస్థ ప్రతి వసంతంలో అక్కడ మంచు కోసి దారి తెరుస్తుంది. రెండు పక్కలా గోడలు అక్కడా లేస్తాయి. కానీ వేసవి సెలవుల్లో బారులు తీరిన టాక్సీల పొగకి ఆ గోడలు కొద్ది రోజుల్లోనే మసిబారేవి. మసి పట్టిన మంచు ఎండను ఎక్కువ పీలుస్తుంది, తొందరగా కరుగుతుంది. చివరికి జాతీయ హరిత ట్రైబ్యునల్ కలగజేసుకుని రోజుకిన్ని వాహనాలే వెళ్లాలని కట్టడి పెట్టింది. అందుకే ఇప్పుడు రోహ్తాంగ్‌కి పర్మిట్ తీసుకోవాలి.

అయితే ఈ పోలికను జపాన్ గొప్ప, మనం తక్కువ అని ముగించడం సరికాదు. రెండు రోడ్ల అవసరం వేరు. మురోదోలో ఊరు లేదు. ఏప్రిల్‌లో ఆ రోడ్డు తెరవకపోతే ఎవరికీ బియ్యం ఆగవు, నష్టం పర్యాటక సంస్థకే. రోహ్తాంగ్ అవతల జనం ఉండే లాహౌల్ లోయ ఉంది. శ్రీనగర్ నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలోని జోజిలా కనుమ అవతల ద్రాస్, కార్గిల్, లేహ్ ఉన్నాయి. 3,528 మీటర్ల జోజిలా మూసుకుంటే అక్కడి జనానికి కూరగాయల ధరలు పెరుగుతాయి, రోగిని తీసుకెళ్లాలంటే విమానమే దిక్కు, సైన్యానికి సరఫరా కష్టమవుతుంది. అక్కడ మంచుగోడ ఒక అడ్డంకి. దాన్ని చూసి చప్పట్లు కొట్టే పరిస్థితి ఆ ఊళ్లవాళ్లకు లేదు. ఒకప్పుడు నెలల తరబడి మూతపడే జోజిలాను బోర్డర్ రోడ్స్ సంస్థ 2025లో 32 రోజుల్లోనే తిరిగి తెరిచింది. పర్యాటక శాఖలు ప్రచారం చేసుకోని పని ఇది. కష్టంలో మాత్రం ఓతానికి ఏమీ తీసిపోదు, గాలి పలచబడిన ఎత్తులో, హిమపాతాలు విరిగిపడే వాలుల కింద చేసేది కాబట్టి.

అందుకే హిమాలయాల్లో మంచుగోడకు విరుగుడు సొరంగం. రోహ్తాంగ్ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబరు 3న మొదలైంది. లాహౌల్‌కి శీతాకాలంలోనూ దారి దొరికింది. పైన రోహ్తాంగ్ రోడ్డు ఇప్పుడు ఎక్కువగా టూరిస్టుల కోసమే మిగిలింది. జోజిలా కింద దాదాపు 13 కిలోమీటర్ల సొరంగం తవ్వకం కూడా 2020లోనే మొదలైంది. ఆ కాంట్రాక్టు హైదరాబాద్‌కి చెందిన మేఘా ఇంజినీరింగ్‌ది. అది పూర్తయితే జోజిలా గోడలు కూడా రోహ్తాంగ్ దారి పట్టొచ్చు: బతుకు కోసం కోసే గోడ కాస్తా వేడుక కోసం కోసే గోడ అవుతుంది, లేదా ఎవరూ కోయని మంచుగా మిగిలిపోతుంది. తతెయామ ఆ దశకు ఎప్పుడో చేరింది.

వేడుక అన్నాక మరి వెళ్లేవాళ్ల సంగతి. మార్గం ఏప్రిల్ మధ్యలో తెరుచుకుంటుంది, నవంబరు చివర మూతపడుతుంది. గోడల మధ్య నడక జూన్ చివరి వరకే. ఎత్తు కావాలంటే ఏప్రిల్ రెండో సగం, కానీ అప్పుడు తుఫాన్లు పట్టే అవకాశం కూడా ఎక్కువ, బస్సులు ఆగిపోయే రోజులుంటాయి. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా జపాన్‌లో వరుస సెలవులు. ఆ వారంలో గోడల కంటే క్యూలే ఎక్కువ గుర్తుంటాయి. ఆ రద్దీ దిగాక, మే మధ్యలో వెళ్లడం తెలివైన పని. గోడ కొంత కరుగుతుంది, ఆకాశం తేటగా ఉండే రోజులు పెరుగుతాయి. జూన్ నాటికి ఎత్తు దాదాపు సగానికి పడిపోతుంది. జూన్‌లో వెళ్లి 20 మీటర్లు ఏవని అడిగితే లాభం లేదు.

టోక్యో నుంచి తోయామకి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో రెండు గంటల పైచిలుకు. అక్కడి నుంచి స్థానిక రైలు ఓ గంటలో తతెయామ స్టేషన్‌కి చేరుస్తుంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక వైపు టికెట్ పది వేల యెన్‌ల పైనే, మామూలు జపాన్ రైలు పాస్ ఈ మార్గంలో చెల్లదు. సీటు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోకపోతే తతెయామ స్టేషన్‌లో కేబుల్ కారు కోసం గంటలు కూర్చోవాల్సి రావచ్చు, మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా ఇరుకైన ముడి అదే. గోడలు మాత్రమే చూడాలనుకుంటే తోయామ వైపు నుంచి మురోదో వెళ్లి అదే దారిన తిరిగి రావడం మేలు. డ్యామ్, రోప్‌వే కూడా చూడాలంటే నగానో వైపు దిగాలి, దానికి రోజంతా పడుతుంది, పెద్ద సామాను వెంట ఉంటే చుక్కలు కనిపిస్తాయి.

మురోదోలో ఏప్రిల్ ఉష్ణోగ్రత సున్నా చుట్టూ ఊగుతుంది. గాలి ఉంటే ఇంకా చల్లగా ఉంటుంది. హైదరాబాద్ చలికాలపు స్వెటర్ చాలదు. నల్లకళ్లద్దాలు మాత్రం ఫ్యాషన్ కోసం కాదు, చుట్టూ తెల్లటి మంచు మీద పడిన ఎండకి కళ్లు నిజంగానే మండుతాయి. మొహం కూడా మాడుతుంది, కింది నుంచి కూడా ఎండ కొడుతుంది కాబట్టి. రోహ్తాంగ్‌లో తల తిరిగినవాళ్లు ఇక్కడ అంత టెన్షన్ పడక్కర్లేదు. అయితే 475 మీటర్ల నుంచి 2,450 మీటర్లకు గంటన్నర లోపే ఎక్కించేస్తారు కాబట్టి దిగగానే పరుగులు పెట్టకపోవడం మంచిది. గోడల దగ్గర పదిహేను నిమిషాల్లో ఫొటోలు అయిపోతాయి. తొందర లేనివాళ్లు మంచు పైన వేసిన నడక దారి తెరిచి ఉంటే అటు వెళ్లొచ్చు. చలికాలపు తెల్లటి ఈకలు ఇంకా పూర్తిగా మార్చని రైచో పక్షి కనిపించే అవకాశముంది. అది తోయామ జిల్లా పక్షి, చట్టం రక్షణలో ఉంది, దగ్గరికి వెళ్లకూడదు.

ముందు ముందు ఈ గోడలు ఉంటాయా అన్న ప్రశ్నకు సూటి జవాబు కష్టం. భూమి వేడెక్కితే మంచు తగ్గుతుందన్నది తీరప్రాంత ఊళ్లకు వర్తిస్తుంది. అక్కడ చలికాలం సున్నాకి అటూ ఇటూ ఊగుతుంది, కాస్త వేడెక్కితే మంచు వానగా మారుతుంది. మురోదో ఎత్తులో నడి చలికాలం ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా గడ్డకట్టే చలే ఉంటుంది. మరోవైపు సముద్రం వెచ్చబడే కొద్దీ గాలి ఎక్కువ తేమ మోస్తుంది. జపాన్ పరిశోధకుల వాతావరణ నమూనాలు కొన్ని, హోన్షు నడిమి పర్వతాల్లో ఒక్క రోజులో విపరీతంగా కురిసే మంచు పెరగొచ్చని చూపాయి. అయితే వసంతంలో కరగడం మాత్రం ముందుకు జరుగుతుంది. అంటే ఏప్రిల్‌లో గోడ ఎత్తుగానే ఉండి, జూన్ సందర్శకులకు అందకుండా పోయే పరిస్థితి రావచ్చు. దీని ప్రభావం టికెట్ల మీదే ఆగదు. ఇదే తతెయామ, పక్కనున్న త్సురుగి శిఖరాల తూర్పు వైపు లోయల్లో ఏడాది పొడవునా నిలిచే మంచు దిబ్బలు కొన్ని నెమ్మదిగా కిందికి కదులుతున్నాయని కొలతల్లో తేలింది. 2012లో జపాన్ మంచు శాస్త్రవేత్తల సంఘం అలాంటి మూడింటిని హిమానీనదాలుగా గుర్తించింది. అంతకుముందు జపాన్‌లో హిమానీనదాలే లేవనుకునేవారు. ఓతానిలో గోడ కట్టిన గాలీ, కురిసే మంచే ఆ లోయల్లోనూ మంచును నింపుతున్నాయి. అక్కడ వేసవి కరుగుదల శీతాకాలపు రాబడిని మించిపోతే, బుల్‌డోజర్లు ఎంత శ్రద్ధగా పనిచేసినా ఆ హిమానీనదాలకు ఉపయోగం ఉండదు.